ఎండవేళ కారులో పసిబిడ్డ

ఇంటింటా ఇంజనీరింగు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు అంటారు. బదిలీలపై ఉత్తరాదికి వచ్చిన మనవంటి వారికి ఆ మాట ఢిల్లీలో మరింత బాగా అర్థమవుతుంది. మన కోస్తా జిల్లాల ఎండలో ఉక్కపోత ఎక్కువ. ఇక్కడి ఎండకు రాజస్థాన్ వైపు నుండి వీచే పొడి వడగాలి తోడవుతుంది. 2024 మే 29న సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 46.8 డిగ్రీలు నమోదైంది. అటువంటి వేళ పెద్దవారమైన మనం గొడుగు పట్టుకుంటాము, నీడకు తొలగుతాము, దాహమైతే మంచినీరు అడుగుతాము. కారు వెనుక సీటులో బెల్టులతో బిగించి కూర్చోబెట్టిన పసిబిడ్డ వీటిలో ఏ ఒక్కటీ చేయలేడు. ఈ పర్యాయం ఆ బిడ్డను గురించి వ్రాయవలెనని సంకల్పించుటకు మా ఇంటిలోనే జరిగిన ఒక సంఘటన కారణం.

గడచిన జూన్ మాసంలో ఒక ఆదివారం మా అమ్మాయి, పదునాలుగు నెలల మా మనుమడితో గురుగ్రామ్ నుండి నోయిడాలోని మా ఇంటికి వచ్చింది. అందరమూ కలిసి ఉద్యాన్ మార్గ్‌లోని తిరుమల తిరుపతి దేవస్థానం వారి బాలాజీ ఆలయానికి వెళ్ళాము. ఉదయం చెట్టు నీడ చూసి నిలిపిన కారు, దర్శనం ముగించుకుని వచ్చేసరికి నడి ఎండలో ఉన్నది. నీడ జరుగుతుందన్న ఆలోచన మాకు తట్టలేదు. పిల్లవానిని చైల్డ్ సీటులో కూర్చోబెట్టగానే కెవ్వున ఏడ్చాడు. బెల్టు బకిల్ తగిలిన చోట తొడపై ఎర్రని మచ్చ తేలింది.

"పసివాడు ఉడికిపోతున్నాడు, తీసి నా ఒడిలో పెట్టండి" అన్నది మా శ్రీమతి. మేము వెంటనే వానిని ఎత్తుకున్నాము. స్టీరింగు ముందు కూర్చున్న అమ్మాయి కారు కదల్చలేదు. "నాన్నగారూ, సీటు చల్లబడేవరకు ఆగుదాము. వాడు ఒడిలో ఉండగా నేను బండి తీయను" అన్నది. ముప్పది సంవత్సరాలు యంత్రాలతో కాపురం చేసిన మాకు ఆ మాట రుచించలేదు. "నిన్నూ ఒడిలో పెట్టుకునే కదా తిప్పాము" అన్నాము. ఆమె బదులు చెప్పలేదు. తలుపులు తెరిచి, ఒక వేపచెట్టు కింద పావుగంట సేపు నిలబడ్డాము. ఆ పావుగంటా ఎవరమూ మాట్లాడుకోలేదు.

ఇల్లు చేరిన తరువాత కాగితం, కలం తీసి లెక్క వేశాము. గంటకు 50 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు సుమారు 14 మీటర్లు. ఢీకొన్నప్పుడు కారు సెకనులో పదవ వంతు కాలంలో ఆగినదనుకుంటే, బిడ్డపై పడే బలం వాని బరువుకు సుమారు 14 రెట్లు. పది కిలోల బిడ్డ ఆ క్షణంలో 140 కిలోల బరువై ముందుకు దూకుతాడు. ఆ బరువును పట్టి నిలుపగల చేతులు ఏ తాతకూ లేవు. చట్టం కూడా అదే చెబుతున్నది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షను ప్రకారం, పదునాలుగేళ్ళ లోపు పిల్లలను సీటు బెల్టు గాని చైల్డ్ సీటు గాని లేకుండా తీసుకువెళితే వెయ్యి రూపాయల జరిమానా.

అమ్మాయి మాట సరియైనదే. కానీ పసివాడు ఉడికిపోతున్నాడన్న మా శ్రీమతి మాట కూడా అబద్ధం కాదు. ఎండ వలన సీటును విడిచిపెట్టరాదు. అలాగని కాలుతున్న సీటులో బిడ్డను కూర్చోబెట్టనూ రాదు. కావున చేయవలసిన పని సీటును చల్లబరచడమే.

అసలు కారు ఎందుకంతగా వేడెక్కుతుంది? నడి వేసవి మధ్యాహ్నం చదరపు మీటరు నేలపై పడే సౌరశక్తి సుమారు వెయ్యి వాట్లు. కారు అద్దాల గుండా లోపలికి చేరే ఎండను లెక్కించితే, లోపల ఒక గది హీటరు వెలుగుతున్నట్లే అనుకోవచ్చు. అద్దం వెలుతురును లోనికి రానిస్తుంది గాని, వేడెక్కిన సీట్ల నుండి వెలువడే ఉష్ణ కిరణాలను తిరిగి బయటకు పోనీయదు. వేడెక్కిన గాలికి కూడా బయటకు దారి ఉండదు.

2018లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 38 డిగ్రీలు దాటిన వేసవి దినాలలో నిలిపి ఉంచిన కార్లను పరీక్షించారు. ఎండలో గంట సేపు ఉన్న కార్లలో గాలి సగటున 47 డిగ్రీలకు, సీట్లు 51 డిగ్రీలకు, డాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరినవి. నీడలో ఉన్న కార్లలో సీట్లు 41 డిగ్రీల వద్ద నిలిచినవి. నీడకు గల విలువ పది డిగ్రీలన్నమాట. 2005లో అమెరికాలోనే ప్రచురితమైన మరొక పరిశోధనలో రెండు సంగతులు తేలినవి. గంటలో పెరిగే వేడిలో నూటికి ఎనభై పాళ్ళు మొదటి అరగంటలోనే పెరుగుతుంది. అద్దాలను రెండు వేళ్ళంత దించి ఉంచినందువలన చెప్పుకోదగిన ప్రయోజనం లేదు.

పసిబిడ్డ శరీరం బరువుతో పోల్చితే చర్మపు వైశాల్యం ఎక్కువ. చెమట పట్టి చల్లబడే శక్తి ఇంకా పూర్తిగా అభివృద్ధి చెంది ఉండదు. అందువలన పెద్దవారికంటే మూడు నుండి ఐదు రెట్లు వేగంగా బిడ్డ ఒళ్ళు వేడెక్కుతుందని వైద్యులు చెబుతారు. పైగా చైల్డ్ సీటు దళసరి నురుగు మెత్తలతో చేసినది. వీపు వైపు గాలి ఆడదు. పసివారిని వెనుకకు తిరిగి ఉండేటట్లు కూర్చోబెట్టినప్పుడు, ముందు నుండి వచ్చే ఏ.సి. గాలికి ఆ సీటు వీపే అడ్డుగోడ అవుతుంది. ముందు కూర్చున్న వారికి చలి వేస్తుండగా వెనుక బిడ్డకు చెమటలు పట్టుట ఇందువలననే.

ఇకపై మా ఇంటిలో పాటిస్తున్న పద్ధతులను వరుసగా తెలియజేస్తున్నాము.

1. కారు నిలిపేటప్పుడు, మనం తిరిగి వచ్చే వేళకు నీడ ఎటు జరుగుతుందో చూసుకోవాలి. ఖాళీ చైల్డ్ సీటుపై దళసరి తెల్లని దుప్పటి కప్పి, బకిల్‌ను దాని కిందికి త్రోయాలి. దుప్పటి కప్పని రోజున బకిల్‌పై చేయి ఉంచలేకపోయాము. కప్పిన రోజున ఉంచగలిగాము. ముందు అద్దానికి లోపలి వైపు మెరుపు రేకు తెర నిలుపుట కూడా మంచిదే.

2. బిడ్డను ఎక్కించే ముందు ఒక వైపు అద్దాలు దించి, ఎదుటి వైపు తలుపును ఐదారు మార్లు విసనకర్ర వలె ఆడించాలి. లోపలి కాలిన గాలి బయటకు పోతుంది. ఆపై అద్దాలు దించియే ఏ.సి. నడిపి, రెండు మూడు నిమిషాల తరువాత ఎత్తాలి. ఈ లోపల బిడ్డ నీడలో పెద్దల వద్ద ఉండవచ్చు.

3. సీటును, బెల్టును, బకిల్‌ను ముంజేతితో తాకి చూడాలి. అరచేతికి పనివలన మొద్దుబారే గుణం ఉంటుంది. ముంజేతి చర్మం నిజం చెబుతుంది.

4. ముందున్న ఏ.సి. జాలీలను పైకి తిప్పి ఉంచితే చల్లని గాలి పైకప్పు వెంబడి వెనుకకు చేరి బిడ్డపైకి దిగుతుంది. తిన్నగా ముఖానికి కొట్టనీయరాదు. లోపలి గాలినే త్రిప్పే మీట వేసినప్పుడు, మధ్య మధ్య కొన్ని నిమిషాలు బయటి గాలిని కూడా రానీయాలి.

5. బిడ్డకు పలుచని నూలు చొక్కా ఒకటి చాలును. మెత్తగా ఉంటుందని విడిగా కొన్న దిండ్లు, మంచు పొట్లాలు వీపు కింద పెట్టరాదు, బెల్టు వదులవుతుంది. ఎండ తగులుతున్నదని సీటు పైనుండి చీర కొంగు కప్పుట మరీ ప్రమాదం. ఉన్న గాలి కూడా ఆగిపోతుంది.

6. ఆరు నెలల లోపు బిడ్డకు వేసవిలోనైనా తల్లిపాలే చాలును, నీరు వద్దు. అయితే తరచుగా ఇవ్వాలి. కారు ఆపి, సీటులో నుండి తీసి ఇవ్వాలి. పెద్ద పిల్లలకు గుక్కెడు గుక్కెడుగా నీరు త్రాగించాలి.

7. వీలైనంతవరకు ప్రయాణం ఉదయం తొందరగా గాని, సాయంత్రం పొద్దు వాలిన పిదప గాని పెట్టుకోవాలి. ఆశ్రమ్ కూడలి వద్దనో, కాళింది కుంజ్ వద్దనో వాహనాల రద్దీలో చిక్కుకున్నప్పుడు ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది, కండెన్సరుకు ఎదురుగాలి అందదు, ఏ.సి. బలం తగ్గుతుంది.

ఇక్కడ కొలత గురించి ఒక మాట. పైన చెప్పిన 2024 మే 29ననే ఢిల్లీ శివారులోని ముంగేశ్‌పూర్‌లో 52.9 డిగ్రీలు నమోదైనట్లు వార్త వచ్చింది. వాతావరణ శాఖ వారు పరికరాన్ని తనిఖీ చేసి, అది మూడు డిగ్రీలు ఎక్కువ చూపినదని తేల్చారు. డాష్‌బోర్డుపై కనిపించే 22 అంకెను కూడా మనం అలాగే అనుమానించాలి. అది మనం కోరిన చల్లదనమే గాని, బిడ్డ మెడ వద్ద ఉన్న చల్లదనం కాదు. వెనుక కూర్చున్న వారు పావుగంటకొకసారి బిడ్డ మెడ వెనుక, రొమ్ముపై చేయి వేసి చూడాలి. కాళ్ళు, చేతులు చల్లగా ఉన్నంత మాత్రాన నమ్మరాదు.

అద్దాలకు నల్లని ఫిల్ము అంటిస్తే సరిపోదా అని కొందరు మిత్రులు అడిగారు. ముందు, వెనుక అద్దాలలో నూటికి 70 పాళ్ళు, ప్రక్క అద్దాలలో 50 పాళ్ళు వెలుతురు ప్రసరించాలని నిబంధన. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అద్దాలపై నల్లని ఫిల్ము అంటించుటను నిషేధించింది. అందుచేతనే అద్దానికి కాక, ఖాళీ సీటుకు ముసుగు వేయమంటున్నాము.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరకు ఉంచాము. "ఒక్క నిమిషంలో వస్తాను" అని బిడ్డను కారులో విడిచి వెళ్ళరాదు, ఏ.సి. నడుస్తున్నా సరే. 2025 ఏప్రిల్‌లో చేవెళ్ళ మండలం దామరగిద్దలో ఇద్దరు చిన్నారులు, ఆ మరుసటి నెల మే 18న విజయనగరం సమీపంలోని ద్వారపూడిలో నలుగురు పిల్లలు, నిలిపి ఉన్న కారులో చిక్కుకుని మరణించారు. ఆడుకుంటూ ఎక్కిన పిల్లలకు తలుపు తెరుచుట తెలియలేదు. మన కాలనీలలో కూడా కార్లు పిల్లలు ఆడుకునే చోటనే నిలిచి ఉంటాయి. ఇంటి ముందైనా కారుకు తాళం వేయండి. తాళంచెవిని పిల్లలకు అందని ఎత్తులో ఉంచండి. లోపల చిక్కుకుంటే హారను మ్రోగించాలని ఊహ తెలిసిన పిల్లలకు నేర్పండి. బిడ్డతో ఒంటరిగా ప్రయాణించేవారు చేతిసంచిని వెనుక సీటులో బిడ్డ ప్రక్కనే పెట్టుకుంటే, దిగేటప్పుడు ఎలాగూ వెనుకకు చూస్తారు.

ఒళ్ళు కాలుతూ, బిడ్డ మగతగా ఉన్నా, వాంతులు చేసుకున్నా, పిలిచినా పలుకకున్నా వడదెబ్బగా భావించాలి. వెంటనే నీడకు చేర్చి, బట్టలు విప్పి, మామూలు నీటితో ఒళ్ళంతా తడుపుతూ విసరాలి. 112కు ఫోను చేయాలి. స్పృహ లేని బిడ్డ నోటిలో నీరు పోయరాదు.

మా మనుమని తొడపై మచ్చ వారం రోజులలో మానిపోయింది. ఇప్పుడు మా కారులో తెల్ల దుప్పటి కప్పే బాధ్యత మా శ్రీమతిది, ముంజేతితో తాకి చూసే బాధ్యత మాది. మొన్న అమ్మాయి కారు తీయబోతూ, "నాన్నగారూ, చూశారా?" అని అడిగింది. చూశామని చెప్పిన తరువాతనే బండి కదిలింది.

వచ్చే సంచికలో: వర్షాలకు ముందు ఇంటి ఎర్తింగు పరీక్ష.