గురక గుట్టును రక్తం చెప్పగలదా?

గురకను గాఢనిద్రకు గుర్తుగా భావించటం మన ఇండ్లలో పరిపాటి. మా పెదనాన్నగారి విషయంలో మేమూ అట్లే భావించాము. గురక నడుమ హఠాత్తుగా నిశ్శబ్దం, ఉక్కిరిబిక్కిరై మేలుకోవటం, పట్టపగలు పత్రిక చేతిలో ఉండగానే కునికిపాట్లు – ఇవన్నీ వార్ధక్యమనుకొని ఊరుకున్నాము. వైద్యులు దీనిని నిద్రలో కలిగే శ్వాసావరోధమన్నారు.

నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకొనిపోతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది. శ్వాస కనీసం 10 సెకండ్లపాటు ఆగటమో, బాగా క్షీణించటమో గంటకు 5 సార్లకు మించితే రోగమని, 30 దాటితే తీవ్రమని వైద్యుల లెక్క. ఈ లెక్క తేలటానికి తలకు, ఛాతీకి తీగలు తగిలించుకొని ఆస్పత్రిలో ఒక రాత్రి గడపాలి. ఇంటివద్ద వాడదగిన చిన్న పరికరాలు వచ్చినా అవి అందరికీ అందుబాటులో లేవు. మధుమేహరోగి మూడు మాసాల చక్కెర వృత్తాంతాన్ని ఒక్క రక్తపరీక్ష చెప్పినట్లు, ఈ రోగానికీ రక్తంలో ఒక సూచిక దొరకదా అని శాస్త్రజ్ఞులు వెదకుతున్నది అందుకే.

సూచికలకు కొరత లేదు. శరీరంలోని వాపును తెలిపే సి-రియాక్టివ్ ప్రొటీన్, ఇంటర్‌ల్యూకిన్-6 ఈ రోగులలో తరచు పెరుగుతాయి. కాని స్థూలకాయం వాటిని పెంచుతుంది, పొగత్రాగటం పెంచుతుంది, జ్వరం సైతం పెంచుతుంది. ఈ రోగులలో పెక్కుమంది స్థూలకాయులే కదా! కణాలు ప్రాణవాయువు లోపాన్ని పసిగట్టే విధానాన్ని కనుగొన్నందుకు 2019లో ముగ్గురికి నోబెల్ బహుమతి లభించింది. అందులో కీలకమైన హెచ్‌ఐఎఫ్-1 ఆల్ఫా ప్రొటీన్‌నూ పరీక్షించి చూశారు. ప్రాణవాయువు తిరిగి అందగానే అది కణాలలో నిమిషాల మీద నశించేది. తెల్లవారాక తీసిన నెత్తురులో రాత్రి కథ ఎంత మిగులుతుంది? ఇదొక్కటి చాలునని రోగనిర్ణయానికి నమ్మదగిన సూచిక ఏదీ ఇంతవరకు స్థిరపడలేదు.

మా అభిప్రాయంలో లోపం రక్తంలో లేదు, మనం దానిని అడిగే ప్రశ్నలో ఉన్నది. శ్వాస ఎన్నిసార్లు ఆగిందో లెక్కించటం యంత్రం పని. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివాన్ లోకానికి తెలిపిన సీప్యాప్ చికిత్సాయంత్రమే నేడు ఆ లెక్కను వ్రాసిపెడుతున్నది. గంటకు 20 సార్లు శ్వాస ఆగే ఇద్దరిలో ఎవరి గుండె, ఎవరి రక్తనాళాలు ముందుగా దెబ్బతింటాయో మాత్రం ఆ లెక్క చెప్పదు. రక్తాన్ని అడగవలసినది అది. అట్లు కాక, చవక పరీక్ష పేరిట "నీకేమీ లేదు" అని చీటీ వ్రాసి, కునికిపాట్లు పడే లారీ డ్రైవరును తిరిగి రోడ్డు మీదికి పంపేటట్లయితే, పరీక్ష లేకపోవటమే మేలు.

పెదనాన్నగారిని చూసిన వైద్యులు మొదటి ప్రశ్న వేసింది ఆయనను కాదు, పెద్దమ్మను. ఆ నిశ్శబ్దాలను ఆమె ఏండ్ల తరబడి లెక్కపెడుతూనే ఉన్నదట. మాలో అడిగినవారే లేరు.