ఒక్క కార్డు చెడితే కంప్యూటరంతా కండెమ్ చెయ్యాలా?

మన కళాశాలలో ఏ వస్తువు మూలపడినా దానికి జరిగే మర్యాద ఒక్కటే. స్టాకు రిజిస్టరులో ఎర్ర సిరాతో "కండెమ్డ్" అని రాసి, మెట్ల కింద గదిలో పడేసి తాళం వెయ్యడం. విరిగిన బల్లలకి, తుప్పుపట్టిన స్టాండ్లకి సరే. కంప్యూటర్లకి కూడా యిదే గతి పట్టడం చూస్తే, ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్న సామెత గుర్తుకు వస్తోంది. కంప్యూటరు ఒక్క వస్తువు కాదు. విడదీసి, మార్చి, మళ్ళీ బిగించడానికి వీలుగా పేర్చిన భాగాల పెట్టె.

పోయిన సంవత్సరం మా ఫిజిక్సు ల్యాబులో, వర్ణపటాలు గీసే పరికరానికి కలిపిన పాత డెస్క్‌టాప్ ఆగిపోయింది. స్విచ్చి వేస్తే ఫ్యాను తిరుగుతుంది. తెర మీద బొమ్మ రాదు. లోపల్నుంచి ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు. రిపేరుకు వచ్చినాయన మూత కూడా తియ్యకుండా "పాత మోడలండీ, కొత్తది తీసుకోండి" అని చెప్పి వెళ్ళాడు. ఫైలు కదిలింది. అసలు తిరకాసు ఇక్కడే వుంది. ఆ పరికరం కంప్యూటరుతో మాట్లాడేది ఒక పి.సి.ఐ. కార్డు ద్వారా. 1992లో ఇంటెల్ వాళ్ళు తెచ్చిన ఆ స్లాటు ఇప్పుడు అమ్మే కంప్యూటర్లలో దాదాపు కనిపించదు. 2004 నుంచి మార్కెట్లోకి వచ్చిన పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ దాని చోటు తీసుకుంది, దాని స్లాటులో పాత కార్డు పట్టదు. కార్డు పట్టకపోతే ఆ పరికరం ఇక అలంకారానికే. ఈలోగా మూడో సంవత్సరం వాళ్ళు పాత రికార్డుల్లోంచి రీడింగులు చూసి రాసుకున్నారు. దీన్ని సైన్సు చదువు అనగలమా?

మా నాన్నకి కంప్యూటరు తెలీదు. కానీ బోరు మోటారు ఆగినప్పుడు ఆయన పనిచేసే వరస చూడండి. ముందు ఫ్యూజు. తరవాత మూడు ఫేజులూ వస్తున్నాయా లేదా. ఆ పైన స్టార్టరు పాయింట్లు. అవన్నీ చూశాకే మోటారు పైకి లాగే మాట ఎత్తుతాడు. లాగడమంటే మనుషులు, గొలుసులు, కూలి డబ్బులు, రెండు రోజుల తడి పోవడం. అప్పటిదాకా మిరప తోట ఆగుతుందా? పల్నాడు నుంచి ఒంగోలు దాకా ఏ రైతునడిగినా ఈ వరసే చెబుతాడు. చదువుకున్న మనం మాత్రం మొదటి మాటగానే "మార్చెయ్యండి" అంటాం.

ఆ వరసనే మేం కంప్యూటరు దగ్గర పాటించాం. లెక్చరరు గారు అనుమతిచ్చారు, అటెండరు గారు స్క్రూడ్రైవరు ఇచ్చారు. కరెంటు తీగ పూర్తిగా పీకి, ఒంట్లోని స్థిరవిద్యుత్తు చిప్పుల మీదికి పోకుండా ముందు ఇనప చట్రాన్ని తాకి, మూత తీశాం. లోపలంతా దూది నూగు! జిన్నింగు మిల్లుల వూరు మరి. ఎర్రటి ధూళి కూడా వుంది కాబోలు, వరసగా అందరం తుమ్మాం. ఆ కూతలకి అర్థం వుంది. అవార్డు బయోస్ వున్న బోర్డుల్లో ఒక పొడుగు, రెండు పొట్టి అంటే లోపం డిస్‌ప్లే కార్డు దగ్గర అని. ఎ.జి.పి. స్లాటు చివర చిన్న కొక్కెం వుంటుంది. అది వదిలించకుండా లాగితే స్లాటుకే దెబ్బ. కార్డు మెల్లిగా తీసి, దాని అంచున బంగారు పూత వున్న పలుకుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచాం. స్టార్టరు పాయింట్లని రుద్దినట్టు గరుకు కాగితంతో రుద్దితే ఆ పూత కాస్తా పోతుంది. తిరిగి బిగిస్తే మళ్ళీ అవే కూతలు. పరకాయించి చూస్తే కార్డు మీద రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి వున్నాయి. మెట్ల కింద గదిలోని ఒక కండెమ్డ్ యంత్రంలోంచి అదే రకం కార్డు తెచ్చాం. 3.3 వోల్టుల కార్డుకీ 1.5 వోల్టుల కార్డుకీ గంట్లు వేరు వేరు చోట్ల వుంటాయి గనక, గంటు సరిచూసుకుని పెట్టాం. తెర వెలిగింది. ఖర్చు నాలుగు చుక్కల ఆల్కహాలు.

ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. 1981లో ఐ.బి.ఎం. వాళ్ళు పి.సి.ని ఐదు స్లాట్లతో తెచ్చి, సర్క్యూటు పటాలు కూడా పుస్తకంగా వేశారు. బయటివాళ్ళు కార్డులు తయారుచేసి అమ్మగలిగింది అందువల్లే. అంతకు ముందే మన హైదరాబాదులో, 1967లో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్.లో, పశ్చిమ గోదావరి నుంచి వచ్చిన ఎ.ఎస్. రావు గారి నాయకత్వాన టి.డి.సి. కంప్యూటర్లు తయారయ్యాయి. తెలుగునేల మీద కంప్యూటరునే కట్టినవాళ్ళుండగా, మూత తియ్యడానికి మనకింత జంకేమిటి?

"ఇది సిలబస్సులో లేదు, హాయిగా కోడింగు నేర్చుకోరాదా" అంటారు మిత్రులు. నేర్చుకుంటున్నాను. పాత యంత్రాల్ని నెత్తిన పెట్టుకు ఊరేగమని నేననడం లేదు. విండోస్ ఎక్స్‌పికి మైక్రోసాఫ్టు మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. అలాంటివాటిని ఇంటర్నెట్టుకి తగిలించకూడదు, ఇంటర్నెట్టు ల్యాబుకి కొత్తవే కొనాలి. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెని విద్యార్థులు విప్పనే కూడదు. తీగ పీకినా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైన నిలవ వుండవచ్చు. కార్డుల సంగతి వేరు. ఒక్క ప్రాక్టికల్ క్లాసులో నేర్పదగిన పని.

కనుక యూనియన్ వారికి నా మనవి యిది. ఏ కంప్యూటరునైనా కండెమ్ చేసే ముందు ఏ భాగం పరీక్షించారో, ఏం తేలిందో రిజిస్టరులో రాయించండి. పనికొచ్చే కార్డుల్ని విడదీసి ల్యాబులో ఒక అర కేటాయించండి. మిగిలిన చెత్తను 2022 ఇ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లరుకే అప్పగించాలి గాని పాత సామాన్లవాడికి కాదు. మెట్ల కింద గదిలో ఇంకా తొమ్మిది యంత్రాలున్నాయి. వేలం తేదీ పడకముందే ఆ తాళం ఒక్క ఆదివారం తీయించమని ప్రిన్సిపాల్ గారిని అడగండి. స్క్రూడ్రైవర్లు మేం తెచ్చుకుంటాం.