నారాయణఖేడు నియోజకవర్గము: దోష మెవరిది?

నారాయణఖేడు పేరు వినగనే పట్టణవాసులలో కొందరు పెదవి విఱతురు. "అది వెనుకబడిన సీమ, అచ్చటి జనులు పెద్దయిండ్ల వాకిలి విడువరు, తండ్రి పోయిన కొడుకునకు ఓటు వేయుదురు" అని తీర్పు చెప్పి, చేతిలోని పత్రికను మడిచి లేచిపోవుదురు. ఈ తీర్పు తప్పు. తప్పు మాత్రమే గాదు, అన్యాయము. నాగల్‌గిద్ద మొదలు మంజీరాతీరమువఱకు ఆ నియోజకవర్గపు ప్రజ లిన్నియేండ్లుగా తమ ఓటుతో ఏమి చేసిరో లెక్క చూచినవాడు ఆ మాట అనజాలడు.

ఆ సీమకు ఓటు క్రొత్తది. నాడు నారాయణఖేడు తాలూకా నిజాం రాజ్యమున బీదరు జిల్లాలోనిది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడే అది మెదకు జిల్లాలో చేరినది. బ్రిటిషు ఇండియాలో రాష్ట్రశాసనసభలకు ఎన్నికలు జరిగి ప్రజలు ఎన్నుకొన్న మంత్రులు పదవుల నెక్కుచున్న కాలమున, హైదరాబాదులో స్టేటు కాంగ్రెసు 1938లోనే నిషేధింపబడినది. 1939లో అరవముదు అయ్యంగారి సంఘము సూచనల ననుసరించి ప్రకటించిన సంస్కరణములలో ప్రతినిధి ఊరికిగాని తాలూకాకుగాని కాదు, వృత్తులకును ప్రయోజనవర్గములకును చెందినవాడు! 1946లో ఆ పద్ధతిని జరిగిన యెన్నికలను స్టేటు కాంగ్రెసు బహిష్కరించినది. నాగల్‌గిద్ద రైతును, తండాలోని లంబాడీ తల్లిని "నీ వెవరిని కోరుదువు?" అని ప్రభుత్వ మడిగినది 1952లో. అదియే మొదటిసారి.

ఇక లెక్క చూతము. 1989లో పట్లోళ్ల కిష్టారెడ్డిగారు కాంగ్రెసు పక్షమున గెలిచిరి. 1994లో ప్రజ లాయన పార్టీని దించి తెలుగుదేశమునకు చెందిన మహారెడ్డి విజయపాలరెడ్డిగారి నెన్నుకొనిరి. 1999లో మరల కిష్టారెడ్డిగారు; 2004లో సురేశకుమార షెట్కారుగారు; 2009లోను 2014లోను మరల కిష్టారెడ్డిగారే. 2015లో ఆయన మరణింపగా 2016 ఫిబ్రవరిలో జరిగిన ఉపయెన్నికలో తెలంగాణ రాష్ట్రసమితికి చెందిన మహారెడ్డి భూపాలరెడ్డిగారు, కిష్టారెడ్డిగారి కుమారుడు సంజీవరెడ్డిగారిపై 53 వేలకు పైబడిన ఆధిక్యముతో గెలిచిరి. తండ్రి పోయిన కొడుకునకు ఓటు వేయుదురన్న మాట ఇచ్చటనే పొల్లయినది గదా! 2018లోను భూపాలరెడ్డిగారే, 2023లో ప్రజ లాయనను దించి ఆ సంజీవరెడ్డిగారినే ఎక్కించిరి.

ముప్పదినాలుగేండ్లలో తొమ్మిది ఎన్నికలు. ప్రజలు గద్దెమీదివారిని మాటిమాటికి దించిరి. ఇంతకంటె మెలకువ గల ఓటరును హైదరాబాదు నడిబొడ్డున వెదకినను దొరకడు. అయినను ఆ తొమ్మిది విజయములును మూడిండ్లలోనే పంచుకొనబడినవి: పట్లోళ్లవారి కైదు, మహారెడ్లకు మూడు, షెట్కార్ల కొకటి. ఓటరు పార్టీని మార్చెను. పార్టీలు వాకిలిని మార్చలేదు. 2018లో తెరాస భూపాలరెడ్డిగారిని, కాంగ్రెసు షెట్కారుగారిని, భాజపా సంజీవరెడ్డిగారిని నిలిపినవి. మూడు పెద్దపార్టీలకు మూడిండ్లు! 2023లో కాంగ్రెసు మొదట షెట్కారుగారి పేరు ప్రకటించి, కడపట సంజీవరెడ్డిగారికి మార్చి, 2024లో షెట్కారుగారిని జహీరాబాదునుండి లోకసభకు పంపినది. ఈ ప్రాంతమును పార్టీ ఎట్లు చూచుచున్నదో ఇంతకంటె స్పష్టముగ చెప్పనక్కఱలేదు. ఆ వ్యక్తులను నిందింప మా ఉద్దేశము గాదు. వారు నిలిచిరి, గెలిచిరి, ఓడిరి. అది వారి హక్కు. మా కలహము టిక్కెట్టు పంచువారితో.

ఇట్టి చరిత్ర చదువునపుడు ఇంగ్లండులోని ఓల్డ్ సారమ్ అను పాత నియోజకవర్గము జ్ఞప్తికి వచ్చును. సాలిస్‌బరీ పట్టణము చెంతనున్న పాడుదిబ్బ అది. ఆ దిబ్బ పార్లమెంటునకు ఇద్దరు సభ్యులను పంపుచుండెను. ఓటు హక్కు ఆ నేలను అంటియుండుటచేత నేలను కొన్నవాడు సభ్యత్వమును కొన్నట్లే. 1691లో దానిని కొన్నవాడు తామస్ పిట్. మనవారు మఱచిన సంగతి యొకటి: ఈ పిట్ 1698 మొదలు 1709 వఱకు చెన్నపట్టణమున కుంపిణీ గవర్నరు. కృష్ణాతీరపు కొల్లూరు గనిదని చెప్పబడు మహావజ్రమును కొని 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మి లాభపడినవాడు నతడే. అతని మనుమడు విలియం పిట్ 1735లో ఆ దిబ్బపేరనే పార్లమెంటున ప్రవేశించెను. 1831లో అచ్చటి ఓటర్లు పదునొకండుగురు. ఒక్కడును అచ్చట కాపురముండలేదు. 1832 సంస్కరణశాసనము దానిని రద్దుచేసినది.

నారాయణఖేడు ఓల్డ్ సారమ్ కాదు. అచ్చట ఓటర్లే లేరు. ఇచ్చట లక్షలమంది కలరు. అచ్చట నేలకు క్రయపత్రము వ్రాసికొనిరి. ఇచ్చట వ్రాసికొనుట కెవరికిని సాధ్యముగాదు. మఱి మూడిండ్ల పట్టు నిలుచు టెట్లు? మాకు దోచిన కారణ మొకటి చెప్పుదుము.

నాగల్‌గిద్ద, మనూరు, కంగ్టి ప్రాంతముల తండాలనుండియు పల్లెలనుండియు వేలాది కుటుంబములు వానకాలపు పంట ముగియగనే చెఱకు కొట్టుటకై పొరుగు జిల్లాలకును కర్ణాటక మహారాష్ట్రములకును వలసపోవును. మేస్త్రీ యొద్ద ముందుగ సొమ్ము తీసికొని, పిల్లలతో, వంటపాత్రలతో పోయి, వేసవికి తిరిగివత్తురు. ఎన్నికల తేదీలు చూడుడు: 2016 ఫిబ్రవరి 13, 2018 డిసెంబరు 7, 2023 నవంబరు 30. మూడును చెఱకు కోతల దినములే! ఓటు వేయవచ్చిన కూలివానికి రాకపోకల దినముల కూలి పోవును, దారి ఖర్చు మీదపడును, మేస్త్రీ అప్పు నిలుచును. వానిని తెప్పించుటకు బండి పంపగలవా డెవడు? తరతరములుగ ఊరూర మనుషులు, చేతిలో సొమ్ము గలవాడు. క్రొత్త అభ్యర్థి, ఎంత యోగ్యుడైనను, ఆ బండి కిరాయివద్దనే ఓడును. 2023లో భాజపా ఈ మూడిండ్ల వెలుపలివానిని నిలుపుట నిజమే. ఒక్క యెన్నికలో ఒక్కనిని నిలిపిన మాత్రమున ఈ కట్టడి విడునా?

ఉపాయము లేదనరాదు. వలసపోయినవారు ఉన్నచోటనుండియే ఓటు వేయుటకు ఎన్నికల సంఘము 72 నియోజకవర్గములకు పనికివచ్చు యంత్రమును సిద్ధపఱచి, 2023 జనవరి 16న పార్టీలకు చూపబూనినది. ప్రతిపక్షములు పెక్కు అభ్యంతరము చెప్పగా ఆ ప్రదర్శనము సాగలేదు. యంత్రముపై సందేహము లుండవచ్చును. వానిని తీర్చుకొనుట కూడ పార్టీల పనియే. చెఱకుతోటలోని కూలివాని ఓటునుగూర్చి వేఱొక మార్గమైనను చూపక ఊరకుండుట కది సాకు గాజాలదు.

ప్రస్తుత శాసనసభ గడువు 2028 డిసెంబరుతో ముగియును. గడువు ప్రకారమే ఎన్నిక జరిగిన మరల చెఱకు కోతల కాలమే. నారాయణఖేడున టిక్కెట్టు నిచ్చు ప్రతి పార్టీని ఇప్పుడే మూడు మాట లడుగవలయును. మండల మండలమున మీ సభ్యులచేత రహస్యపు ఓటుతో అభ్యర్థి నెన్నుకొందురా? వలసకూలీల రాకపోకల ఖర్చు ప్రభుత్వమే భరింపవలెనని, ఎన్నికల తేదీ వారి తిరుగురాకను చూచి నిర్ణయింపవలెనని ఎన్నికల సంఘమునకు వ్రాయుదురా? 2022 ఫిబ్రవరి 21న ఆ ఊరనే శంకుస్థాపన జరిగిన బసవేశ్వర ఎత్తిపోతల పనిలో ఎంత భాగము జరిగెనో, ఓటడుగ వచ్చుటకు ముందే గ్రామ గ్రామమున లెక్క చెప్పుదురా? నీరు చేనికి వచ్చిన, చెఱకు కొట్టుటకు పోవలసిన పని తగ్గును. పోనివానికి ఎవ్వరి బండియు అక్కఱలేదు.