గుర్రం బొమ్మా? పందెమా?

మా కంచరపాలెంలో ఫోన్లో పందేలు కాసే కుర్రాళ్ళని ఏమన్నా అంటే చాలు, "ఇది స్కిల్ గేమ్ అన్నా" అంటారు. ఈ వాదన పాతదే లెండి.

1930ల్లో అమెరికాలో గుర్రప్పందెం పిన్‌బాల్ మెషీన్లుండేవి. నాణెం వేస్తే గుర్రం నంబరు వెలిగేది. ఉన్నది ఒకే బంతి, ఫ్లిప్పర్లు లేవు. అది ఆ నంబరు గుంటలో పడితే డబ్బులు. పచ్చి జూదమన్నమాట! 1942లో న్యూయార్క్ మొత్తం పిన్‌బాల్‌నే నిషేధించింది. 1947లో ఫ్లిప్పర్లొచ్చాయి. 1956లో గాట్లీబ్ కంపెనీ 'డెర్బీ డే' తెచ్చింది. బొమ్మలు గుర్రాలవే, కానీ గెలిస్తే దక్కేది ఇంకో ఆట. 1976లో రోజర్ షార్ప్ బంతి ఎటెళ్తుందో ముందే చెప్పి కొట్టి చూపించాక న్యూయార్క్ దిగొచ్చింది.

మన సుప్రీంకోర్టు 1996లో గుర్రప్పందెంలో నైపుణ్యమే ఎక్కువంది. కావచ్చు. కానీ నైపుణ్యం ఉంటే అప్పులవ్వవా? 2025లో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అని చూడకుండా ఆన్‌లైన్ డబ్బాటల్ని నిషేధించింది. నా ఓటు దానికే. ఆడుకోడానికి ఇంకో ఆట చాలదూ? మరి మీరేమంటారు?