అవతలి తీరం మనుషులు

ఇటలీ దీవి సిసిలీ పడమటి కొసన మజారా దెల్ వల్లో అనే రేవు పట్టణం ఉంది. 1960ల చివరినుంచి ట్యునీషియా వాళ్లు ఇక్కడి చేపల పడవల్లో పనికి కుదిరారు. ఎర్రరొయ్యల వేటకు వెళ్తే వారాల తరబడి నీళ్లమీదే బతుకు. కాపురాలేమో పాతబస్తీ ఇరుకు సందుల్లో. ఆవిరిమీద ఉడికిన కుస్కుస్ అనే గోధుమరవ్వలో చేపల పులుసు కలుపుకోవడం అక్కడ ఇటాలియన్ల ఇళ్లలోనూ ఉన్నదే. కంచం దగ్గర లేని తేడా కాగితాల దగ్గర వస్తుంది. 1992 నాటి ఇటలీ చట్టం ప్రకారం, విదేశీయుల బిడ్డ అక్కడే పుట్టి పెరిగినా, సొంతంగా పౌరసత్వం కోరడానికి 18 ఏళ్లు నిండాలి; ఆపై గడువు ఏడాదే. ఇది అన్యాయమనే నా నమ్మకం. గల్ఫ్‌కు బిడ్డల్ని పంపిన మన పల్లెలకు, ఎన్నాళ్లున్నా పరాయివాళ్లుగానే మిగిలే ఈ బాధ తెలుసు. అందుకే ఈ సంచికను పరాయి ఊళ్ల రోజువారీ బతుకులకు కేటాయించాం.