కళ్లు దించుకుంటేనే నమ్ముతామా?

‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తాడు. తెరమీద ఉన్నది సావిత్రే. అలంకారమంతా పెళ్లికూతురిదే. కానీ నడక బరువెక్కుతుంది, ఛాతీ విరుచుకుంటుంది, కళ్లు ఉరిమి చూస్తాయి. నలుగురి ఎదుటా మళ్లీ తల వంగుతుంది, సిగ్గు ముంచుకొస్తుంది. ఎస్వీ రంగారావు ఠీవిని సావిత్రి తన ఒంట్లోకి దించుకున్న తీరు చూసి మూడు తరాలుగా నవ్వుకుంటున్నాం. ఆ నవ్వు ఎందుకొస్తోంది? ఆడశరీరం మగవాడిలా కదిలినందుకు. సావిత్రి ఆ సిగ్గును ఒక క్షణం తొడుక్కుని మరుక్షణం విడిచేస్తుంది. ‘ఆడతనం’ పుట్టుకతో వచ్చిన గుణం కాదనీ, నేర్చుకున్న అభినయమనీ చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి? ‘కాళ్లు దగ్గరగా పెట్టుకో’, ‘పళ్లు కనబడేలా నవ్వకు’ అంటూ ప్రతి ఇంట్లోనూ ఆ శిక్షణ సాగుతూనే ఉంది.

ఐదేళ్ల తర్వాత వచ్చిన ‘గుండమ్మ కథ’ (1962) చూడండి. సూర్యకాంతం ఎడమచెయ్యి తిప్పుతూ, మూతి విరుస్తూ మాట్లాడుతుంది. ఇంటిమీద పెత్తనం ఉన్న, నోరున్న స్త్రీకి మన సినిమా ఇచ్చిన దేహభాష అది. ఆమె నటన ఎంత బలమైనదంటే ఆమె పేరే గయ్యాళితనానికి మారుపేరైంది. అదే చిత్రంలో సవతి కూతురు లక్ష్మిగా సావిత్రి ఓర్పుతో చాకిరీ చేస్తూ మన సానుభూతి పొందుతుంది. కథ ముందుకు నడవకముందే ఎవరు దోషి, ఎవరు బాధితురాలు అన్నది ఆ చేతులూ చూపులే తేల్చేస్తాయి. నటీమణుల ప్రతిభను తక్కువ చెయ్యడం కాదు ఇది. ఆ ప్రతిభను పితృస్వామ్య సమాజం ఏ మూసల్లో పోసిందన్నదే మన ప్రశ్న.

ఈ మూసలు సినిమాహాల్లోనే ఆగిపోతే బాధ లేదు. సమాజం నుంచి సినిమా, సినిమా నుంచి సమాజం నేర్చుకుంటూనే ఉంటాయి. అందుకే పోలీస్ స్టేషన్లోనూ కోర్టులోనూ స్త్రీ మాటకంటే ముందు ఆమె శరీరాన్ని చదువుతారు. మథుర కేసులో 1978లో సుప్రీంకోర్టు, ఒంటిమీద గాయాల గుర్తులు లేకపోవడాన్ని ముఖ్య కారణంగా తీసుకుని ఇద్దరు పోలీసులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. 2020 జూన్‌లో కర్ణాటక హైకోర్టు ఒక బెయిలు ఉత్తర్వులో, అత్యాచారం తర్వాత అలసి నిద్రపోయానని ఫిర్యాది చెప్పడం భారతీయ స్త్రీకి తగదని రాసింది. ఆ వ్యాఖ్యను తర్వాత తొలగించింది. స్త్రీల గురించి ఇలాంటి మూస అభిప్రాయాలు ఉత్తర్వుల్లో రాయరాదని 2021 మార్చిలో అపర్ణా భట్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అది చెప్పించుకోవడానికి మథుర తీర్పు తర్వాత నలభై ఏళ్లకు పైగా పట్టింది.

కోర్టుల సంగతి సరే, మన సహాయ కేంద్రాల మాటేమిటి? వెక్కివెక్కి ఏడ్చే స్త్రీ ఎదుట మన మనసు వెంటనే కరుగుతుంది. మరొకామె కాలుమీద కాలు వేసుకుని, కంటతడి పెట్టకుండా, మొగుడు కొట్టిన సంగతి పొడిపొడిగా చెబుతుంది. ‘ఈమె కూడా తక్కువది కాదేమో’ అన్న గుసగుస బల్ల ఇవతలి నుంచి రాదని చెప్పగలమా? భయంతో బిగుసుకుపోయినవాళ్లు ఉంటారు. చెప్పిచెప్పి కన్నీళ్లు ఇంకిపోయినవాళ్లు ఉంటారు. నవ్వుతూనే నరకం చెప్పేవాళ్లూ ఉంటారు.

2005 గృహహింస చట్టం కింద నింపే సంఘటన నివేదికలో హింస ఎప్పుడు, ఎక్కడ జరిగింది, ఎవరు చేశారు అన్న గడులున్నాయి. బాధితురాలు ఎలా కూర్చుంది, ఏడ్చిందా లేదా అన్న గడి లేదు. మన రిజిస్టర్లలోనూ అవి ఉండకూడదు. కొత్తగా చేరే కార్యకర్తల శిక్షణలో ఈ రెండు సినిమాల సన్నివేశాలు వేసి చూపించి, ‘ఈమెను ఎందుకు నమ్మారు? ఆమెను ఎందుకు నమ్మలేదు?’ అని చర్చ పెడితే బాగుంటుంది. పాత్రను హావభావాలతో అంచనా కట్టడం ప్రేక్షకుల హక్కు. మన గడప తొక్కిన స్త్రీ మాత్రం పాత్ర కాదు. ఆమె చెప్పేది పూర్తిగా వినడమే మన పని.