నలుసు తీసే నాలుక, చూపు తీసే నమ్మకం

వరి కోతలు మొదలయ్యాయంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో కళ్లలో నలుసులు పడటమూ మొదలవుతుంది. సాగర్ ఎడమ కాల్వ కింద పండిన వడ్లు కల్లాల నుంచి మిర్యాలగూడ రైసుమిల్లులకు చేరేదాకా గాలినిండా పొట్టూ దుమ్మే. బస్తా మోసే హమాలీ కంట్లో ఓ పొల్లు గింజ గుచ్చుకుంటుంది. కన్ను ఎర్రబడి నీళ్లు కారుతుంటే దవాఖాన గుర్తుకు రాదు, ఊళ్లో నలుసు తీసే మనిషి గుర్తుకొస్తాడు. అతను రెప్ప విడదీసి నాలుక కొసతో తుడుస్తాడు. ఇంకొకరు ఆకు పసరు పిండుతారు, మరొకరు చనుబాలు వేయిస్తారు.

"మా తాతల నుంచీ ఇదే వైద్యం, అందరికీ నయమైంది" అంటారు. నయమైన మాట నిజమే. ఎందువల్ల నయమైందో ఆలోచించాలి. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది, అదే కార్నియా. దాని పైపైన పడ్డ చిన్న గీత చాలావరకు రెండు మూడు రోజుల్లో దానంతటదే మానుతుంది. నలుసు కూడా చాలాసార్లు కన్నీళ్లతోనే కొట్టుకుపోతుంది. పని చేసింది శరీరం, పేరు దక్కింది పసరుకు.

మరి మానని కన్ను సంగతేమిటి? పొట్టో ఆకో గీరినప్పుడు దాంతోపాటు ఫంగస్ లోపలికి చేరవచ్చు. ఎంగిలితో బాక్టీరియా, పసరుతో మరిన్ని సూక్ష్మజీవులు తోడవుతాయి. నొప్పి పెరుగుతుంది, వెలుతురు చూడలేరు, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపిస్తుంది. అది పుండు. ఆ దశలో మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు ఎరుపు తగ్గించి నమ్మిస్తాయి, లోపల ఫంగస్‌ను పెరగనిస్తాయి. కంటి డాక్టరు పుండును గీకి మైక్రోస్కోపు కింద చూస్తేనే కారణం తేలుతుంది. ఫంగస్ అయితే నాటమైసిన్ వంటి చుక్కలు వారాల తరబడి వేయాలి. ఆలస్యమైతే పుండు మానినా మచ్చ మిగులుతుంది. ఊళ్లలో 'కంట్లో పువ్వు' అనేది చాలాసార్లు ఇలాంటి మచ్చే. అది చూపుకు అడ్డమైతే కార్నియా మార్పిడి దాకా పోవాలి, అందుకు చనిపోయినవారి నేత్రదానం కావాలి.

నయమైనవాళ్లంతా పసరు గొప్ప చెబుతారు. చూపు పోయినవాడు తన రాత అనుకుని ఊరుకుంటాడు. ఒక పక్క సాక్ష్యమే వినే నమ్మకం ఎన్ని తరాలైనా ఓడిపోదు. మెల్లకన్ను అదృష్టమనడం, కండ్లకలక చూస్తేనే అంటుకుంటుందనడం కూడా ఇలా నిలిచినవే. కండ్లకలకను అంటించేవి చేతులు, తువ్వాళ్లు. మెల్లకన్నుకు చిన్నతనంలోనే వైద్యం అందకపోతే ఆ కంటి చూపు శాశ్వతంగా మందగించవచ్చు.

అలాగని జనం మూర్ఖులు కారు. 2018 ఆగస్టు 15న మొదలైన ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం 'కంటి వెలుగు' ఊళ్లోకి వస్తే వచ్చి పరీక్ష చేయించుకున్నారు, కళ్లద్దాలు తీసుకున్నారు. వైద్యం దూరమైన చోటే పసరు దగ్గరవుతుంది. సూర్యాపేట, నల్లగొండల్లో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. కోతల కాలంలో కోదాడ, మిర్యాలగూడల్లోనూ కంటి డాక్టరు అందుబాటులో ఉండాలని అడుగుదాం. హమాలీలకు రక్షణ కళ్లద్దాలు మిల్లు యజమానులే ఇవ్వాలి.

నలుసు పడితే నలపకండి. శుభ్రమైన నీళ్లతో కడగండి, ఇంకేమీ వేయకండి. గుచ్చుకున్నా, చూపు మసకబారినా వెంటనే, లేదంటే తెల్లారేసరికి నెమ్మదించకపోతే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. తాతలకు ఈ వైద్యం దొరకలేదు కాబట్టి ఉన్నదాంతో సరిపెట్టుకున్నారు. మనకు దొరుకుతున్నా పిల్లల కళ్లను పసరుకు అప్పగిస్తే ఆ తప్పు తాతలది కాదు, మనదే.